ఇంజను దాహం

మొన్న వేసవిలో మా ఇంటిల్లిపాదీ ఊటీ వెళ్ళివచ్చాము. ఇంటిల్లిపాదీ అంటే నేనూ, మా ఆవిడా, కోడలూ, మనుమరాలూ, రెండు సంచుల చేగోడీలూను. అబ్బాయికి సెలవు దొరకలేదు. సెలవు దొరకనివాళ్ళ డబ్బుతోనే గదా, దొరికినవాళ్ళు వూళ్ళు తిరిగేది!

మేట్టుపాళయంలో పొద్దున్నే కొండరైలు ఎక్కాము. యీ బండి సంగతి పాఠకుల్లో చాలామందికి తెలిసే వుంటుంది. అక్కడినించి ఉదకమండలం దాకా 46 కిలోమీటర్లు. 1899లో కూనూరు దాకా లైను వేశారు. 1908 నాటికి పైదాకా తీసికొని వెళ్ళారు. కల్లారు దాటింది మొదలు కూనూరు వరకూ పట్టాల మధ్య పళ్ళున్న ఇనపకమ్మీ వుంటుంది. ఇంజను తన పళ్ళచక్రాన్ని అందులో యిరికించి, కోతి చెట్టెక్కినట్లు పట్టుపట్టు మీద ఎక్కుతుంది. పన్నెండడుగులు ముందుకు పోతే అడుగు ఎత్తు లేస్తుంది బండి. తమాషా ఏమిటంటే ఎక్కేటప్పుడు ఇంజను ముందు వుండదు, వెనకనించి నెడుతుంది. తండ్రి పిల్లవాణ్ణి మెట్లెక్కించినట్లన్నమాట.

సగం దారిలో హిల్‌గ్రోవ్ అనే చిన్న స్టేషనులో బండి ఆగింది. అందరూ బిలబిలమని దిగారు. కాఫీ తాగేవాళ్ళు కాఫీ తాగుతున్నారు. తక్కినవాళ్ళు ఇంజను పక్కన నుంచుని ఫొటోలు తీయించుకొంటున్నారు. యీ సందడిలో ఒక కోతి మా చేగోడీల సంచీని ఒకదాన్ని ఎంచుకొని, మర్యాదగా చెట్టెక్కిపోయింది. మా ఆవిడ దాన్ని తెలుగులో తిట్టింది. అది అరవదేశపు కోతి గనక పట్టించుకోలేదు.

అప్పుడు మా మనుమరాలు నా చెయ్యి పట్టుకు లాగి, ఇంజనుకు నీళ్ళు పడుతున్న వేపు చూపించింది.

"తాతయ్యా, ఆ నీళ్ళ ట్యాంకును ఎవరూ ఫొటో తియ్యరేం?"

"అందంగా లేదు గదమ్మా!"

"మరి ఇంజను దాని దగ్గరికే వచ్చి ఆగిందేం?"

ఏడేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్నకు అరవై దాటిన నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. యీ వారం పాఠకులతో నా కబుర్లన్నీ ఆ జవాబే.

ఇంట్లో ఇడ్లీపాత్ర చూడండి. అడుగున నీళ్ళున్నంతసేపూ ఫరవాలేదు. కబుర్లలో పడి మరిచిపోతే నీళ్ళు యింకిపోయి, పాత్ర మాడి, వీధిచివరిదాకా వాసన కొడుతుంది. ఆవిరి ఇంజను కూడా యీ జాతిదే. అది పుట్టించిన ఆవిరి సిలిండర్లలో పని చేసి, "ఛుక్" అంటూ పొగగొట్టంలోంచి ఆకాశంలో కలిసిపోతుంది. తిరిగి రాదు. అందుచేత కిలో బొగ్గు కాలిస్తే సుమారు ఆరేడు కిలోల నీళ్ళు ఖర్చవుతాయి. బొగ్గు ఆకలైతే నీళ్ళు దాహం. ఆకలికి ఆగవచ్చు గాని దాహానికి ఆగటం కష్టం.

పైగా ప్రమాదం కూడాను. బాయిలరులో పొయ్యికప్పు మీద ఎప్పుడూ నీళ్ళు నిలిచి వుండాలి. నీళ్ళు తగ్గి ఆ రేకు బయటపడితే ఎర్రగా కాలి, మెత్తబడి, బాయిలరే పేలిపోవచ్చు. అందుకని ఆ కప్పులో సీసం నింపిన బిరడా ఒకటి పెడతారు. నీళ్ళు తగ్గితే ముందు సీసం కరిగి, ఆవిరి పొయ్యిలోకి దూసుకువచ్చి హెచ్చరిస్తుంది.

యీ బిరడా సంగతి నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. మా నాన్నగారు బిట్రగుంటలో ఫైర్‌మన్‌గా చేశారు. నెల్లూరు, కావలి మధ్య వున్న ఆ వూరు ఆవిరి ఇంజన్ల షెడ్డు మూలంగానే వూరయింది. నాన్నగారు డ్యూటీనించి వచ్చి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చుంటే అమ్మ అడిగే మొదటి మాట "నీళ్ళు సరిగా అందాయా?" అని. ఆయన భోజనం సంగతి ఆ తరవాత!

ఇంజనుకు నీళ్ళు కావాలి సరే, అంత ఎత్తున తొట్టి ఎందుకు? స్టేషను బావి దగ్గిర వుండే పంపు చిన్నది. అది రోజంతా తోడుతూ వుంటే గాని ట్యాంకు నిండదు. బండి ఆగేది కొద్ది నిమిషాలు. ఆ కాస్తలోనే వేల లీటర్లు పోయాలి. రోజంతా చిన్న ధారగా పోగుచేసిన దాన్ని కొద్ది నిమిషాల్లో పెద్దధారగా వదలడానికి ఎత్తూ, లావుపాటి గొట్టమూ కావాలి. పైసా పైసా కూడబెట్టి పిల్లపెళ్ళికి ఒక్కసారే తీసే గృహస్థు పద్ధతి యిదే గదా!

మన దేశంలో చాలా ట్యాంకులు నాలుగడుగుల చదరపు ఇనపపలకల్ని బోల్టులతో బిగించి కట్టినవి. నాలుగడుగుల పొడవూ, వెడల్పూ, లోతూ వున్న గడిలో 400 గ్యాలన్ల దాకా పడతాయి. పదహారడుగుల పొడుగూ, పన్నెండడుగుల వెడల్పూ, ఎనిమిదడుగుల లోతూ వున్న తొట్టి అయితే యిలాటి గళ్ళు 24. అంటే 9,600 గ్యాలన్లు. బరువు 43 టన్నుల పైచిలుకు. ఏనుగుల లెక్కన పది ఏనుగులు! వాటిని రాతిస్తంభాల మీదో ఇనపకాళ్ళ మీదో పగలూ రాత్రీ మోస్తూ నిలబడటం సామాన్యమా?

అన్ని దేశాల్లోనూ యీ దాహం కథ వున్నది. చలిదేశాల్లో నీళ్ళ గొట్టం గడ్డకట్టకుండా పక్కనే కుంపటి వెలిగించి వుంచేవారు. ఆగటం దేనికని, 1860లో ఇంగ్లీషువాడు రామ్స్‌బాటమ్ అనే ఆయన పట్టాల మధ్య పొడుగాటి నీళ్ళకాలవ పెట్టించాడు. బండి పరుగెత్తుతూనే గరిటె దింపి నీళ్ళు తోడుకొనేది. చదువుకొనే పిల్లలు పరుగెత్తుతూ కాఫీ తాగటం అప్పటినించే మొదలయిందేమో!

ఆ రోజులు పోయినవి. మన దేశంలో పెద్దలైను మీద చివరి ఆవిరిబండి 1995 డిసెంబరు 6న నడిచింది. ఇంజన్లలో కొన్నిటికి అదృష్టం పట్టింది. రంగులు వేసి స్టేషన్ల ముందర పూలకుండీల మధ్య నిలబెట్టారు. ట్యాంకుల్ని ఎవరు నిలబెడతారు? నిలబడే వుండటం వాటి పని గనక వాటిని నిలబెట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

మా నాన్నగారు రిటైరయిన తరవాత మేము కాపురమున్న చిన్న స్టేషనులో ఒక ట్యాంకు వుండేది. ఒకనాడు దాన్ని పాతయినుము కింద కొన్నవాడు గ్యాసుమంట పెట్టి కోయిస్తున్నాడు. నాన్నగారు గొడుగు వేసుకొని వెళ్ళి ఎండలో నిలబడ్డారు. నేను వెనకాలే వెళ్ళి "ఇంటికి రండి నాన్నగారూ" అన్నాను. ఆయన కదలలేదు.

"ఇంజనంటే వయసుడిగి పోయిందిరా. దీనికేం తెగులు? యివాళ్టికీ చుక్క కారటం లేదు" అన్నారు.

నాకు అప్పుడు ఆఫీసు వేళవుతున్నది. "పోనివ్వండి, పాత యినుమేగా!" అనేసి వెళ్ళిపోయాను. సాయంకాలం వచ్చేసరికి నాలుగు రాతిస్తంభాలు మిగిలినవి. నాన్నగారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన పోయి యిన్నేళ్ళయినా నేను ఎత్తుకొంటూనే వున్నాను.

యీ సంగతంతా హిల్‌గ్రోవ్‌లో బెంచీ మీద కూర్చుని చెబితే, మా ఆవిడ సబబుగానే అడిగింది: "ట్యాంకు పాతబడితే ఏం? ప్లాస్టిక్ తొట్టి తెచ్చి పెడితే నీళ్ళు రావా?"

వస్తాయి. కాదనను. కాని యునెస్కోవారు 2005లో యీ నీలగిరి రైలును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఇంజనునొక్కదాన్నీ కాదు, మొత్తం లైనునే. వంతెనలూ, సొరంగాలూ, స్టేషన్లూ, నీళ్ళూ కలిస్తేనే అది. ఇంజనైనా మళ్ళీ పుడుతుంది: 2011 తరవాత తిరుచ్చి దగ్గిర పొన్మలై కర్మాగారంలో యీ కొండకోసం కొత్త ఆవిరి ఇంజన్లు కట్టారు. అయినా యీ ఇంజనుకు నీళ్ళబండి వేరే వుండదు. తన ఒంటిమీదనే తొట్టెలు మోసుకుపోవాలి. అందువల్ల కొన్ని మైళ్ళకొకసారి దాహం. కొత్త ఇంజనయినా దారిలో పాత ట్యాంకు ముందు తలవంచక తప్పదు.

వూరికే రంగువేసి "ముట్టరాదు" అని బోర్డు పెడితే ట్యాంకు బతుకుతుందా? అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని ఛామా నించి కొలరాడోలోని అంటోనిటో దాకా 64 మైళ్ళ సన్నలైను వున్నది. కంపెనీ వదులుకొంటే 1970లో ఆ రెండు రాష్ట్రాలూ కలిసి కొనుక్కొని, ఆవిరిబండ్లు నడుపుతున్నాయి. ఛామాలో నీళ్ళ ట్యాంకు చెక్కది; రెండు తొండాలున్నది. మన నీళ్ళపీపాయిలాగే చెక్కబద్దలు పేర్చి ఇనపపట్టీలు బిగించినది. దాని సూత్రం చిత్రమైనది: నీళ్ళున్నంతకాలం బద్దలు వుబ్బి ఒకదాన్నొకటి అదుముకొని చుక్క జారనివ్వవు. ఎండబెట్టారా, ముడుచుకొని సందులు పడి జల్లెడవుతుంది. అంటే దానిచేత పని చేయించటమే దాన్ని కాపాడటం.

ఇనపట్యాంకుకు యింకో రకం సేవ. నీటిమట్టం దగ్గిరా, బురద పేరుకొనే అడుగునా తుప్పు ముందు పడుతుంది. అప్పుడప్పుడు ఖాళీ చేసి బురద ఎత్తాలి, బోల్టులు చూడాలి, గీకి రంగు వేయాలి. పాతరంగుల్లో సీసం వుంటుంది గనక ఆ గీకటం కూడా జాగ్రత్తగా చేయాలి. రాతిస్తంభాల సందుల్లో రావిమొక్క మొలిస్తే రెండాకుల నాడే తీసివేయాలి. పదేళ్ళు పోయాక తీస్తే చెట్టు వస్తుంది, దానితో స్తంభమూ వస్తుంది!

బండి ఆగటం మానిన చోట మరో దారి వున్నది. ఇంగ్లండులో సెటిల్ అనే స్టేషను దగ్గిర రాతిగోడల మీద ఇనపతొట్టి వున్న పాత ట్యాంకును యిల్లుగా మార్చుకొన్నారు. నీళ్ళున్న చోట మనుషులున్నారు. నా మటుకు నాకు నీళ్ళుండటమే యిష్టం. అయితే పాతయినుముగా తూకానికి పోవటం కన్న మనుషులుండటం వెయ్యిరెట్లు నయం.

యిదంతా విని మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత తనే అన్నది: "మా అమ్మ యిచ్చిన యిత్తడి బిందెలు రెండూ ఒకనాడు కొన్నవే. వాడుతున్నది బంగారంలా వున్నది. దాచుకొందామని అటకెక్కించింది చిలుముపట్టి పచ్చబడింది."

నేను పేజీలు పేజీలుగా చెప్పదలచినది ఆవిడ ఒక్క బిందెతో తేల్చేసింది. ఇనపట్యాంకులకు చిలుముకు బదులు తుప్పు. తేడా అంతే.

బండి కూత వేసింది. ఎక్కబోయే ముందు నాన్నగారు చెప్పిన కిటుకు ఒకటి పిల్లకు చూపించాను. ఉక్కపోసే రోజున చన్నీళ్ళున్న తొట్టికి, నీళ్ళున్నంత మేరకే బయట చెమటపడుతుంది. ఆ తడిగీత చూసి, నిచ్చెన ఎక్కకుండానే నీళ్ళెంతున్నాయో చెప్పేవారాయన.

ఇంటికి వచ్చాక మనుమరాలిని బళ్ళో "సెలవుల్లో చూసిన వింత" బొమ్మ వేసి తెమ్మన్నారు. క్లాసులో పిల్లలందరూ బొమ్మలు వేశారు. మా పిల్ల ఇంజనును మూలన చిన్నదిగా వేసి, కాగితం నిండా నల్లటి ట్యాంకు వేసింది. పంతులమ్మగారు "యిదేమిటమ్మా, సగందాకా నీలంచుక్కలు పెట్టావు?" అని అడిగారట.

"చెమటండీ. అక్కడిదాకా నీళ్ళున్నాయి. రేపటి బండికి చాలు" అన్నదట.

మా నాన్నగారు వింటే ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవారు.