బ్యాంకాక్ విమానం ఎక్కేముందే చెప్పాల్సిన మాట

2025 మార్చి 10, 11 తేదీల్లో థాయ్‌లాండ్ సరిహద్దు పట్టణం మే సోత్ నుంచి వాయుసేన విమానాలు 549 మంది భారతీయులను వెనక్కి తెచ్చాయి. వారిలో తెలుగు యువకులూ ఉన్నారు. డేటా ఎంట్రీ, కస్టమర్ కేర్ కొలువులని ఏజెంట్లు చెబితే నమ్మి బ్యాంకాక్‌లో దిగినవారిని మోయి నది దాటించి, మయన్మార్‌లోని మ్యావడ్డి శిబిరాల్లో పడేస్తున్నారు. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, ఫోన్లలో, చాటింగుల్లో జనాన్ని మోసగించే పనికి కూర్చోబెడతారు. ఇలా బలవంతంగా పనిచేస్తున్నవారు మయన్మార్‌లోనే కనీసం 1,20,000 మంది ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. ఇంత జరుగుతున్నా మన రక్షణ ఏర్పాట్లన్నీ మనిషి చిక్కుకున్న తర్వాతే మొదలవుతున్నాయి. అవి శంషాబాద్ విమానాశ్రయంలో, విమానం ఎక్కకముందే మొదలుకావాలి.

లోపం చట్టంలోనే ఉంది. 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తప్పనిసరైన 18 దేశాల్లో థాయ్‌లాండ్ ఒకటి. కానీ పదో తరగతి పాసైనవారికి ఆ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవాడు మోసపోడన్నది ఆ నిబంధన వెనకున్న నమ్మకం. గల్ఫ్‌కు కూలి పనికి వెళ్లేవారిని దృష్టిలో పెట్టుకున్న రోజుల్లో అది కొంత నిజమేమో. ఈ శిబిరాలకు కావాల్సింది మాత్రం కంప్యూటరూ ఇంగ్లిషూ వచ్చిన డిగ్రీ కుర్రాళ్లే. పైగా థాయ్‌లాండ్ భారతీయులకు 2023 నవంబరులో వీసా లేకుండా 30 రోజులు, 2024 జూలైలో 60 రోజులు ఉండే వీలు కల్పించింది. ఏజెంటుకు అంతకంటే ఏం కావాలి? పర్యాటకుడిగా దిగితే చాలు, అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చంటాడు. ఇది పచ్చి అబద్ధం. థాయ్‌లాండ్‌లో పనిచేయాలంటే తగిన వీసా, వర్క్ పర్మిట్ ఉండి తీరాలి. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలామంది ఇంటి నుంచి కదలరు.

విమానాశ్రయంలో తనిఖీలు పెంచితే విహారానికి వెళ్లే కుటుంబాలు ఇబ్బంది పడతాయని, ప్రయాణ స్వేచ్ఛ దెబ్బతింటుందని అనేవారున్నారు. వారి భయం సరైనదే. విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే ఎవరినీ ఆపమని కాదు, అందరికీ చెప్పమని అడుగుతున్నాం. ప్రయాణికులు బయలుదేరే చోట తెలుగులో పెద్ద హెచ్చరిక బోర్డు, ఆఫర్ లెటర్ చూపిస్తే అప్పటికప్పుడు పరిశీలించే కౌంటరు చాలు. విదేశీ ఉద్యోగాల కోసం టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉన్న తెలంగాణ ప్రభుత్వానికి ఇది తలకు మించిన పని కాదు. థాయ్‌లాండ్‌తో వ్యాపార బంధానికీ దీనివల్ల నష్టం లేదు. హైదరాబాద్ కేంద్రంగా రొయ్యల మేత తయారుచేసే అవంతి ఫీడ్స్‌లో థాయ్ యూనియన్ సంస్థ వాటాదారు. అలాంటి భాగస్వామ్యాలు పద్ధతైన ఒప్పందాలతో నడుస్తాయి, పర్యాటకుల ముసుగులో కాదు.

దురాశతో వెళ్లినవారిపై ఇంత జాలి దేనికన్న విమర్శా ఉంది. తెలిసే మోసాలకు దిగినవారిని శిక్షించాల్సిందే. కానీ నిర్బంధంలో ఉన్నవారిని వారితో ఒకే గాటన కట్టడం అన్యాయం. కేసులకు భయపడి బాధితులు నోరు విప్పకపోతే లాభపడేది ఏజెంట్లే. 2025 ఫిబ్రవరి 5న థాయ్‌లాండ్ ప్రభుత్వం మయన్మార్ సరిహద్దు ప్రాంతాలకు కరెంటు, ఇంటర్నెట్, ఇంధనం ఆపేసింది. శిబిరాలు జనరేటర్లతో, ఉపగ్రహ ఇంటర్నెట్‌తో పని సాగించాయి. తీగలు తెంచితే ఆగని ఆ వ్యాపారానికి మనుషులు దొరకకుండా చేయడం మన చేతుల్లో ఉంది. ఊళ్లలో కమీషన్లకు కుర్రాళ్లను పంపే ఏజెంట్లపై వేగంగా విచారణ, శంషాబాద్‌లో ఆ కౌంటరు: ఈ రెండింటికీ ఢిల్లీ అనుమతి కోసం ఏళ్లు ఎదురుచూడాల్సిన అవసరం లేదు.