రెండు అతుకుల నడుమ

"అతుకు అసలుకంటె గట్టిది. తెగితే పైపు తెగుతుంది గాని వెల్డు తెగదు." ఈ మాట పనివారి నోట గర్వంగాను, పని చేయించేవారి నోట ధీమాగాను వింటూ వచ్చాను. అబద్ధం కాదు, సగం నిజం. ఆ సగమే ప్రాణాల మీదికి తెస్తున్నది. పైపు ఎక్కడ తెగుతుందో చెప్పమనండి. తరచు అతుకును ఆనుకొనే తెగుతుంది.

తెలుగు పండితునికి ఇనుముతో ఏమి పని అని అడుగవచ్చు. నావద్ద చదువుకున్న పిల్లలు కొందరు ఐటీఐ ముగించి రిఫైనరీల షట్‌డౌన్ పనులకు పోతుంటారు. వారికి చేతిపని వచ్చు. కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. అందువలన చదివి తెలుసుకున్నాను.

వెల్డు వేసినపుడు కరిగి గడ్డకట్టిన భాగమొక్కటే మారదు. దానికి ఇరువైపులా కరగకుండానే తీవ్రంగా కాగి, చుట్టునున్న చల్లని లోహం వేడిని లాగివేయగా తటాలున చల్లారిన సన్నని పట్టీ ఉంటుంది. ఉక్కు రకాన్నిబట్టి అది గట్టిపడి పెళుసెక్కుతుంది. పైగా చల్లారే అతుకు ముడుచుకోజూస్తుంది, పక్కనున్న లోహం ముడుచుకోనీయదు. ఆ పెనుగులాట లోపలనే బిగువుగా నిలిచిపోతుంది. పాత్రలో ఏ పీడనమూ లేనప్పుడు సైతం ఆ బిగువు ఉక్కు సాగిపోయే హద్దుదాకా ఉండవచ్చును. దాని సరసనే మరొక అతుకు వేస్తే నడుమనున్న లోహానికి రెండు వైపుల పోరు.

మరి ఎంత దూరముండాలి? రెండంగుళాలని ఒకరు, నాలుగని ఒకరు. అన్ని పాత్రలకూ ఒకే అంకె చెప్పడమే నా అభ్యంతరం. ఏ.ఎస్.ఎం.ఇ. కోడు ఎనిమిదవ విభాగం పక్కపక్క వలయాల నిలువు అతుకులు ఒకే వరుసలో పడరాదంటుంది. మందమైన పలక మందానికి అయిదు రెట్ల ఎడమైనా ఉండాలి. లేదా ఆ నిలువు అతుకులను చుట్టు అతుకు కలిసే చోట ఇరువైపులా 100 మిల్లీమీటర్ల మేర రేడియోగ్రఫీ తీయాలి. మాటు మీద మాటు సంగతి వేరు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 510వ కోడు ప్రకారం పైన పరచి అంచు వెల్డు చేసిన రెండు మాటుల నడుమ ఎడం, పాత్ర లోపలి వ్యాసార్ధాన్ని గోడ మందంతో గుణించి, వర్గమూలం తీసి, నాలుగింతలు చేసినంత ఉండాలి. వ్యాసార్ధం 1000, మందం 10 మిల్లీమీటర్లయితే లెక్క 400కు వస్తుంది. రెండంగుళాలవారు ఈ అంకెను ఒకసారి చూడాలి! ఇది ఎవరి చాదస్తమూ కాదు. మాటు అంచున గోడలో పుట్టిన వంపు క్రమంగా చల్లబడడానికి పట్టే దూరం ఆ వర్గమూలాన్నే అనుసరిస్తుంది. ఒక వంపు తగ్గకమునుపే రెండవది మొదలైతే రెండూ కలుస్తాయి.

అదే కోడు ఇటువంటి మాటును తాత్కాలికమంటుంది. మన కర్మాగారాలలో తాత్కాలికమన్నది శాశ్వతానికి పర్యాయపదం.

అయితే టేపు పెట్టి దూరం కొలిచినంతనే పని తీరిపోయిందనేవారితోనూ నాకు పేచీయే. 1984 జూలై 23న అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు రోమియోవిల్ వద్ద యూనియన్ ఆయిల్ రిఫైనరీలో ఒక నిలువు పాత్ర పగిలింది. 1974లో దాని వలయమొకటి తీసి, ఉన్నచోటనే కొత్తది అతికారు. వెల్డు తరువాత సుమారు 600 డిగ్రీల వద్ద నిలిపి మెల్లగా చల్లార్చే సంస్కారం చేయలేదు. అతుకు పక్క పట్టీ పెళుసెక్కింది, లోపలి ద్రవంవలన హైడ్రోజన్ దానిలోకి చేరింది, పదేండ్లు పగులు పాకింది. ఆనాడు చుట్టు అతుకు వద్ద చీలిక కారుతుండగా కార్మికుడు చూశాడు. అగ్నిమాపక దళం వచ్చేవేళకు పాత్ర తెగిపోయి, పైభాగం దాదాపు కిలోమీటరు దూరాన పడింది. 17 మంది చనిపోయారు. పగులు పుట్టింది వెల్డులో కాదు, దాని పక్క పట్టీలో. అక్కడ అతుకుల ఎడం తక్కువై జరిగిన కీడు కాదది. ఎడం ఎందుకు పాటిస్తామో ఆ పట్టీ చేసిన కీడు.

షట్‌డౌన్ ఒక దినం పెరిగితే ఎంత నష్టమో లెక్కవేసి చెప్పే అధికారులున్నారు. కాదనను. కొన్ని చోట్ల జాగా చాలదు, దగ్గరగానే వేయక తప్పదు, దానికీ మార్గాలున్నాయి. కాని ఆ నిర్ణయం ఇంజనీరు లెక్క కట్టి సంతకం పెట్టి చేయవలసినది. మంచెమీద గొంతుకూర్చుని హోల్డరు పట్టుకున్న కుర్రవాడు కంటి అంచనాతో చేయవలసినది కాదు. రేపు పగిలితే మాత్రం "వెల్డరు సరిగా వేయలేదు" అని వాడినే చూపుతారు.

నునుపుగా గ్రైండింగ్ చేసి రంగు పూసిన పాత అతుకు కంటికి కనబడదు. రంగు గీకి ఆమ్లం పూస్తే దాని చాయ తేలుతుంది. కోత మొదలుపెట్టకముందే పాత అతుకులన్నింటినీ అట్లా తేల్చి సుద్దతో గీయించండి. ఎంత ఎడం ఉండాలో, ఎందుకుండాలో, వేడి సంస్కారం కావాలో వద్దో పని పర్మిట్ మీద తెలుగులో వ్రాయించండి. నాలుగు పంక్తులు చాలు. వ్రాయడం చేతకాదంటే పంపండి, నేను వ్రాసి పెడతాను.