ఆడోళ్లకు ఇప్పుడు పనేముందట!

మొన్న ఒక పెండ్లిలో భోజనాలయ్యి విస్తళ్లు ఎత్తుతుంటే, బెంగళూరులో ఉద్యోగం చేసే మావాడొకడు చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు: “మీ కాలం వేరు అత్తా. ఇప్పుడు ఇంట్లో ఆడోళ్లకు పనేముంది? అన్నీ యాప్‌లే చేసిపెడతాయి కదా.” చుట్టూ కుర్చీల్లో ఉన్న మగవాళ్లంతా తలలూపారు. ఒక పెద్దాయన ఇంకో మెట్టెక్కి, పని లేకనే ఆడవాళ్లు సెల్లు పట్టుకుని కూచుంటున్నారని తీర్పు చెప్పేశాడు. ఆయన చేతిలోనూ సెల్లే ఉంది, రీలు ఆడుతూనే ఉంది. విస్తళ్లు ఎత్తుతున్నది ఎవరో వేరే చెప్పాలా?

ఈ మాట నిన్నా మొన్నా పుట్టింది కాదు. మిక్సీ వచ్చినప్పుడు అన్నారు, గ్యాసు వచ్చినప్పుడు అన్నారు, ఇప్పుడు ఫోను వచ్చాక మరీ ధీమాగా అంటున్నారు. మా కర్నూలు జిల్లాలో ఆలూరు టీ అంగళ్ల నుంచి ఆదోని పత్తి యార్డు దాకా ఎవర్ని కదిలించినా ఇదే పాట. వాళ్లతో ఓపిగ్గా వాదించాలని నాకు లేదు. ఓపిక ఇంటి పనికే సరిపోవడం లేదు.

ముందు నీళ్ల సంగతి తేల్చుదాం. మా వైపు కుళాయికి నీళ్లు రోజూ రావు. వచ్చే రోజు, వచ్చే వేళ వచ్చాకే తెలుస్తాయి. ఆ పూట ఇంటి ఆడమనిషి పొలానికి పోకూడదు, ఊరికి పోకూడదు, జ్వరం తెచ్చుకోకూడదు. మోటారు వెయ్యాలి, తొట్టి నింపాలి, తర్వాత డ్రమ్ములు, బిందెలు, చివరికి చెంబులు. వాషింగ్ మిషను మహిమ గురించి పాఠాలు చెప్పేవాళ్లు మా వీధిలో ఒక పూట నిలబడి చూడాలి. మూత తీసి బిందెతో నీళ్లు పోస్తేనే తిరిగే మిషను అది. తిరిగాక ఆ సబ్బు నీళ్లను పైపుతో బకెట్లోకి పట్టి బాత్రూము కడగడానికి దాచుకోవాలి. జాడించడానికి మళ్లీ బిందెలు మోయాలి. తడి గుడ్డలు తీసి పక్క తొట్టిలో వెయ్యాలి, పిండాక బుట్టకెత్తి మేడెక్కి ఆరెయ్యాలి. నల్లరేగడి దుమ్ము లేచే రోజైతే సాయంత్రం వాటిని దులుపుకోవడం అదనం. ఇందులో మిషను చేసిన పని ఏమిటయ్యా అంటే, గుడ్డల్ని గిరగిరా తిప్పింది. “మిషనుంది కదా” అన్న ధైర్యంతో ఇంట్లో ప్రతివాడూ పూటకో చొక్కా విప్పి పడేస్తున్నాడు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా వైపు మగవాళ్లు రోజుల తరబడి టీఎంసీల లెక్కలు చెప్పారు. ఎన్ని టీఎంసీలు పోయాయి, దిగువ కాలువకు ఎన్ని వస్తాయి, గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు స్టాప్‌లాగ్‌లు ఎట్లా దింపించాడు, అంతా నోటికొచ్చు. మంచిదే, ఆయన చేసింది గొప్ప పని. అయితే ఇంట్లో తాగే నీళ్లు ఎన్ని బిందెలు మిగిలాయో ఆ టీఎంసీల పండితుల్లో ఒక్కడిని అడిగి చూడండి.

ఇక కట్టెల సంగతి. గ్యాసు రాకముందు పత్తి పంట అయిపోయాక కంపను బండికెత్తి ఇంటికి తోలింది మగవాళ్లే. మొద్దులు చీల్చింది మగవాళ్లే. జొన్నల మూట సైకిలు మీద వేసుకుని పిండి మరకు పోయి వరుసలో నిలబడింది మగపిల్లలే. 1999లో దీపం పథకంతో సిలిండర్లు మొదలయ్యాయి, 2016లో ఉజ్వల వచ్చింది, ఇప్పుడు దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. పొగ పోయింది, కళ్లు బతికాయి, కాదనను. కానీ పోయిన పనుల్లో పెద్ద భాగం ఎవరివి? బండి తోలేవాడికి, కట్టె కొట్టేవాడికి తీరిక దొరికింది. పొయ్యి ముందున్న మనిషి పొయ్యి ముందే ఉంది. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికా చరిత్రకారిణి 1983లోనే ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అని ఒక పుస్తకం రాసి, అక్కడి ఇళ్లలోనూ యంత్రాలు మగవాళ్ల పనిని, పిల్లల పనిని తీసేసి తల్లి పనిని తల్లికే వదిలాయని తేల్చింది. ఆలూరు గురించి ఆమెకు తెలియదు గానీ, ఆలూరులో కూర్చుని రాసినా అదే రాసేది.

రొట్టె చూడండి. జొన్నపిండి గోధుమపిండిలా సాగదు. మరిగే నీళ్లు పోసి, చెయ్యి చుర్రుమంటుండగానే కలిపి, అరచేతి మొదలుతో పగుళ్లు పోయేదాకా మెదిపి, అంచు చీలకుండా తట్టి, పెనం మీద వేసి, పైన తడి గుడ్డతో తుడిచి తిప్పాలి. దీనికీ మిషన్లున్నాయంటారు, మా ఇళ్లకైతే రాలేదు. విచిత్రం ఏమిటంటే, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నంలో జొన్నరొట్టె మహా ఆరోగ్యమైపోయింది. మా బెంగళూరువాడు కూడా యాప్‌లో తెప్పించుకుని తింటున్నాడు. తట్టిన చెయ్యి ఎవరిదో అందులో కనపడదు కాబట్టి, యాప్ చేసిపెట్టిందనుకుంటున్నాడు.

యాప్ ఏ పనీ చెయ్యదు నాయనా. యాప్ ఇంకో మనిషిని పిలుస్తుంది. 2025 మార్చిలో అర్బన్ కంపెనీ పావుగంటలో పనిమనిషి అంటూ ‘ఇన్‌స్టా మెయిడ్స్’ మొదలుపెట్టింది. నలుగురూ తిట్టాక పేరు ‘ఇన్‌స్టా హెల్ప్’ అయింది. పేరు ఏదైతేనేం, తలుపు తట్టేది, అంట్లు తోమేది మనిషే. ఆ మనిషి ఇంట్లో అంట్లకు యాప్ లేదు.

మా దగ్గర ఫోను తగ్గించిన పని నాకు కనపడలేదు, పెంచినవి చాలా కనపడుతున్నాయి. గ్యాసు బండి వస్తుంది, పిల్లవాడు “ఓటీపీ చెప్పమ్మా” అంటాడు. నంబరు మొగుడిది. మొగుడు సుగ్గి వలసకు పోయి గుంటూరు మిరప చేలల్లో ఉన్నాడు, ఫోను ఎత్తడు. సిలిండరు గడప దగ్గర, ఇల్లాలు వీధిలో. అంగన్‌వాడీలో సరుకులకు 2025 జులై నుంచి ఫోను ముందు ముఖం చూపించాలి. తల్లికి వందనం పథకం డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది, బాగుంది, మరి ఆధార్ లింకు లేదంటే బ్యాంకుకు, సచివాలయానికి తిరిగేది కూడా ఆ తల్లే. బడి వాట్సాప్ గ్రూపులో రేపు చార్టు తేవాలని రాత్రి తొమ్మిదింటికి మెసేజి. ఉపాధి పనికి పోతే హాజరుకు ఎన్ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు, సిగ్నలు లేకపోతే కూలి గల్లంతు. ఈ ఫోనునే చూపించి సోమరితనం అంటారు!

లెక్కలు కావాలంటే అవీ ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు చేశారు, మగవాళ్లు 97. సుప్రీంకోర్టులో ప్రమాద పరిహారానికి సంబంధించిన కీర్తి కేసులో 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో ఉటంకించింది ఈ అంకెలనే. అప్పటి నుంచి యాప్‌లు వరదలా వచ్చాయి కదా. 2024 సర్వేలో ఆడవాళ్లవి 289. తగ్గింది పది నిమిషాలు. మగవాళ్లవి 88. వాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయి! ఉన్నదే గంటన్నర, అందులోనూ కోత.

అసలు ఏది పని, ఏది కాదు అన్న దగ్గరే ఈ మోసం పాతది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘం పెట్టి ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టాడు, ఆయన్ని తలుచుకోవలసిందే. కానీ ఏ నేత ఇంట్లోనైనా మగ్గం మీద కూర్చున్నవాడిది నేత, పక్కన రాట్నం తిప్పి కండెలు చుట్టినామెది ఇంటి పని. కూలి మాత్రం చీరకో దుప్పటికో ఒక్కటే. పొద్దంతా చుట్టినామెను అడిగితే ఆమే “నేనేం చేస్తున్నా, ఇంట్లోనే ఉంటా” అంటుంది. అది వింటే మాత్రం నాకు ఆ పెండ్లిలోని మగవాళ్ల మీద కన్నా ఎక్కువ కోపం వస్తుంది.

మరి ఏం చెయ్యమంటావ్ అంటారు. పెద్ద పథకాలు నా దగ్గర లేవు. నీళ్లు ఏ రోజు ఏ గంటకు వస్తాయో ముందు రోజు చెప్పమనండి, ఇన్ని మెసేజీలు పంపేవాళ్లకు అదొక్కటి కష్టమా? మగపిల్లలకు రొట్టె తట్టడం నేర్పండి, మొదట వంకరగా వస్తాయి, తినేద్దాం. నీళ్లొచ్చే పూట మగవాళ్లు ఇంట్లో ఉండి మోటారు వెయ్యాలి. స్విచ్చి ఎక్కడుందో తెలియనివాళ్లు మా వీధిలోనే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను: చాలా ఇళ్లలో అది మీటరు బోర్డు పక్కనే ఉంటుంది, తడి చేత్తో ముట్టుకోవద్దు.