కుళాయి నీరు - మన బాధ్యత

మన ఇంటి కుళాయిలో వచ్చే నీరు ఎక్కడినుండి వస్తుందో, ఎక్కడ పాడవుతుందో తెలిసియుండుట మంచిది. ఈ నెల హైదరాబాదు సంగతి చూద్దాం.

1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీ మీద ఉస్మాన్ సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్ సాగర్ (1927) కట్టారు. వరదను ఆపడానికి కట్టిన ఆ జలాశయాలే నగరం దాహం తీర్చాయి. జనం పెరిగేసరికి ఆ నీరు చాలలేదు. 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి నీరు తోడయ్యాయి. కృష్ణా గోదావరుల నీరు వంద కిలోమీటర్లకు పైగా పైపులలో ప్రయాణించి మన బిందెలోకి చేరుతోంది.

శుద్ధి కేంద్రంలో పటికతో మట్టిని అడుగుకు దింపి, ఇసుక పొరల గుండా వడగట్టి, క్లోరిన్ కలుపుతారు. అక్కడినుండి మంచినీరే బయలుదేరుతుంది. అపాయమంతా మన వీధిలోనే ఉంది. నీరు కొద్ది గంటలే వదులుతారు గనుక మిగతా సమయంలో గొట్టం ఖాళీగా ఉంటుంది. దానికి చిల్లుపడి, పక్కనే డ్రైనేజీ కారుతుంటే ఆ మురుగు లోపలికి దిగుతుంది. 2009లో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి, వాంతులు విరేచనాలతో పలువురు మరణించారు. టైఫాయిడ్, కామెర్లు కూడా ఈ దారినే వస్తాయి.

కనుక గృహిణులు కొన్ని విషయాలు గమనించాలి. మొదట వచ్చే రంగు నీటిని పట్టుకోవద్దు. క్లోరిన్ వాసన కొద్దిగా ఉంటే భయపడవద్దు, అది మంచి గుర్తే. కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. గుడ్డతో వడగడితే నలకలు పోతాయి గాని క్రిములు పోవు. నీరు తెర్లి ఒక నిమిషమైనా మరగాలి. చల్లారాక మూతపెట్టి, కాడ ఉన్న గరిటెతోనే ముంచుకోవాలి. సంపును, పై ట్యాంకును తరచుగా కడిగించాలి.

చివరిగా ఒక మాట. చాలామంది కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగిస్తున్నారు. అది వీధి చివరి ఇళ్లకు నీరు లేకుండా చేయడమే కాదు, చిల్లుల గుండా మురుగును కూడా లాగుతుంది. మన బిందె త్వరగా నిండాలని పొరుగింటి పసిబిడ్డ గ్లాసులో మురుగు పోయడం న్యాయమా? మోటారు ఉంటే ఈరోజే తీసివేద్దాం.