ఏశావు వేగం, యాకోబు నడక



డిసెంబరు దగ్గర పడుతోంది. సెమీ క్రిస్మస్ పనులు, స్టార్లు కట్టడం, క్యారల్స్ ప్రాక్టీసు మొదలయ్యాయి. "ఈ ఏడు బైక్ ర్యాలీ ఎప్పుడండి అయ్యగారూ?" అని యూత్ పిల్లలు అప్పుడే అడుగుతున్నారు. ఈ ఏడు బైక్ ర్యాలీ లేదు. పెద్దల కమిటీలో కారణం చెప్పాం. కానీ అందరికీ చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది. ఆ రెండు కుటుంబాలను అడిగి, వాళ్లు సరేనన్నాకే ఇది రాస్తున్నాం.

పోయిన డిసెంబరులో కాలవ గట్టు రోడ్డు మీద ముప్పై బండ్లతో ర్యాలీ బయల్దేరింది. మేము ముందు ఆటోలో మైకు పట్టుకుని కూర్చున్నాం. కోతలైన రోజులు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. వెనక పిల్లలు జెండాలు పట్టుకుని, హారన్లు మోగిస్తూ వస్తుంటే మాకూ ఉత్సాహం వచ్చింది. "జోరుగా రండి, ఊరంతా తెలియాలి" అని మైకులో అన్నాం. ఆ మాట అన్నది మేమే. పెద్ద బండ్లున్న నలుగురైదుగురు మా ఆటోను దాటుకుని ముందుకు దూసుకుపోయారు. వాళ్లను ఆపలేదు. చప్పట్లు కొట్టాం.

వెనక వస్తున్నవాళ్లలో ఒక పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఉన్నాడు. రోజూ నడిపేది వాళ్ల నాన్న పాత హండ్రెడ్ సీసీ బండి. ఆ రోజు ర్యాలీ కదా అని మేనమామ కొడుకు దగ్గర టూ హండ్రెడ్ సీసీ బండి అడిగి తెచ్చుకున్నాడు. వెనక మన సంఘంలో డోలక్ వాయించే అబ్బాయిని ఎక్కించుకున్నాడు. ఇద్దరికీ హెల్మెట్ లేదు. ముందువాళ్లను అందుకోవాలని వేగం పెంచాడు. లాకులు దాటాక మలుపులో ధాన్యం కనబడింది. కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టేశాడు. గింజల మీద చక్రం జారిపోయింది.

నడిపిన అబ్బాయికి తొడ ఎముక విరిగి రాడ్డు వేశారు. వెనక కూర్చున్న అబ్బాయి తల రాయికి తగిలింది. పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ప్రాణం దక్కింది. కానీ ఇప్పటికీ మాట మధ్యలో ఆగిపోతాడు. ఎదురుగా ఉన్న మనిషి పేరు కోసం వెతుక్కుంటాడు. డోలక్ మీద చెయ్యి వేస్తాడు గాని తాళం కుదరదు.

ఆ తరువాతి ఆదివారం మేము ఆరాధనలో నిలబడి, "సాతాను దాడి చేశాడు, దేవుడు తప్పించాడు" అని చెప్పి స్తుతులు చెల్లించాం. ఆరాధన అయ్యాక డోలక్ అబ్బాయి తల్లి మా దగ్గరకొచ్చింది. ఆమె ఏడవలేదు. నెమ్మదిగా ఒకటే అడిగింది. "అయ్యగారూ, సాతాను పేరు చెప్పేశారు, బానే ఉందండి. మరి ఆ రోజు బండ్లను ముందుకి పోనిచ్చింది ఎవరండి?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. చాలా రోజులు నిద్ర పట్టలేదు.

ఆసుపత్రిలో ఆ నడిపిన అబ్బాయిని అడిగాం, అంత వేగం ఎందుకు పోయావు నాన్నా అని. "అందరూ ముందెళ్లిపోయారండి. నేను వెనకబడితే నవ్వుతారు కదండి" అన్నాడు. ప్రియులారా, ఆ కుర్రాడు తాగలేదు. వీలీలు చేసే రకం కాదు. సిగ్గు వాడిచేత ఆ వేగం పట్టించింది.

ఆ రోజుల్లోనే ఆదికాండము 33వ అధ్యాయం మళ్లీ చదివాం. ఏశావు నాలుగు వందల మందితో వచ్చాడు. అన్నదమ్ములు కౌగిలించుకుని ఏడ్చారు. పద, కలిసి ప్రయాణం చేద్దాం అన్నాడు ఏశావు. అప్పుడు యాకోబు ఏమన్నాడు? పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చే పశువులున్నాయి, ఒక్క రోజు వడిగా తోలినా మంద చచ్చిపోతుంది, మీరు ముందు వెళ్లండి, నేను వీటి నడకను బట్టి మెల్లగా వస్తాను అన్నాడు. చివరికి అతడు సేయీరుకు వెళ్లలేదు, సుక్కోతుకు వెళ్లాడు. అది వేరే ప్రసంగం. కానీ నాలుగు వందల మంది మగవాళ్లు చూస్తుండగా "మీ వేగం నా వల్ల కాదు" అని చెప్పగలిగాడే, అది చూడండి. పైగా ముందు రాత్రే యబ్బోకు రేవు దగ్గర తొడగూడు వసిలి కుంటుతున్న మనిషి. తన కాలి సంగతి తనకు తెలుసు. తన వెనక ఎవరున్నారో తెలుసు.

బండి నడిపే ప్రతివాడికీ ఈ రెండూ తెలియాలి. నా చేతికి ఎంత వచ్చు? నా వెనక ఎవరున్నారు?

మన సంఘ పెద్దల్లో ఒకాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయన యూత్ పిల్లలకు చెప్పిన లెక్క ఇక్కడ రాస్తున్నాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. 80లో అయితే 22 మీటర్లు. గేదె అడ్డం వచ్చిందని కంటికి తెలిసి చెయ్యి బ్రేకు మీద పడేసరికే సుమారు ఆ సెకను అయిపోతుంది. ఆ తరువాత బండి ఆగడానికి కావలసిన దూరం, వేగం రెండింతలైతే నాలుగింతలవుతుంది. "మలుపులో బ్రేకు వేసేవాడు డ్రైవరు కాదు బాబూ. మలుపు రాకముందే తగ్గించుకున్నవాడు డ్రైవరు" అంటారాయన.

రోడ్డు బాగోలేదంటారు. నిజమే. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు, రోడ్డు మీద ధాన్యం, పొగమంచు, గట్టు పక్కన రెయిలింగ్ లేని కాలవ. వీటికి బాధ్యులైనవాళ్లు ఉన్నారు, వాళ్లను అడగాల్సిందే. కానీ రోడ్డు ఇలా ఉందని మనకు తెలుసు కదా. అందుకే మన దగ్గర కొంత మిగులు ఉండాలి. సంతకు వెళ్లి జేబులో ఉన్నదంతా అక్కడే ఖర్చుపెట్టేస్తే తిరిగి రావడానికి బస్సు ఛార్జీ ఉండదు. మనకు వచ్చిన నేర్పంతా వేగానికే ఖర్చుపెట్టేస్తే, గేదె అడ్డం వచ్చినప్పుడు వాడటానికి ఏమీ మిగలదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. మొత్తం మరణాల్లో నూటికి డెబ్భైకి పైగా అతివేగం కిందే రాశారు. ఇది అంకెలా చదివి వదిలేయకండి. ఒక్కొక్క అంకె వెనక ఒక తల్లి ఉంది.

వేసవిలో ఒక శనివారం సాయంత్రం స్కూలు గ్రౌండులో ఇటుకలు పేర్చి, మన పిల్లలకు స్లో రేసు పెట్టాం. సంక్రాంతికి సైకిళ్లతో పెడతారే, అలాగే బండ్లతో. కాలు కింద పెట్టకుండా అందరికంటే ఆలస్యంగా గీత దాటినవాడు గెలిచినట్టు. ర్యాలీలో మా ఆటోను దాటుకుపోయినవాళ్లు పది మీటర్లు కూడా కాలు దించకుండా రాలేకపోయారు. గెలిచింది ఎవరో తెలుసా? రోజూ తెల్లారి పాల క్యాన్లు కట్టుకుని మూడు ఊళ్లు తిరిగే ఒక అన్న. అతని బండికి అద్దాలు తప్ప సోకు ఏమీ లేదు. యాక్సిలరేటరు తిప్పడం ఎవరికైనా వస్తుంది. క్లచ్చు, బ్రేకు, చూపు, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవడానికి ఏళ్లు పడుతుంది. ఆ సాయంత్రం పిల్లలకు అది అర్థమైంది.

కొందరు విశ్వాసులు అంటారు, "ప్రాణం దేవుని చేతిలో ఉంది, భయమెందుకు?" అని. మత్తయి 4వ అధ్యాయం చూడండి. అపవాది యేసు ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమన్నాడు. దూతలు ఎత్తి పట్టుకుంటారని వాక్యం కూడా ఎత్తి చూపించాడు. కింద యెరూషలేము జనం. దూకి ఉంటే ఎంత పేరు వచ్చేది! ప్రభువు దూకలేదు. తండ్రిని శోధించకూడదని చెప్పి ఆగిపోయాడు. ప్రభువే చెయ్యని పని ఆయన పేరున్న జెండా పట్టుకుని మనం చేస్తున్నాం.

మన సాక్ష్యాలు కూడా ఒకసారి సరిచూసుకుందాం. "లారీ కింద పడబోయి తప్పించుకున్నాను, దేవునికి స్తోత్రం" అంటే మనమంతా హల్లెలూయా అంటాం. మంచిదే. కానీ ఆ లారీని ఎడమ పక్క నుంచి ఎందుకు దాటబోయావు తమ్ముడూ అని అడగం. కృతజ్ఞతతోపాటు ఒప్పుకోలు లేకపోతే, ఆ సాక్ష్యం విన్న ఇంకో కుర్రాడికి అది ధైర్యం నూరిపోస్తుంది. బిడ్డ పోయిన ఇంటివాళ్లు కూడా ఆ బెంచీల మీదే కూర్చుని వింటున్నారు. వాళ్ల గుండెలో ఏమవుతుందో ఆలోచించామా?

మా సంగతీ చెప్పాలి. మాకు మూడు ఊళ్లలో ఆరాధనలు. డిసెంబరు 31 రాత్రి ఒక ఊళ్లో ముగించుకుని ఇంకో ఊరికి పొగమంచులో బండి తోలేవాళ్లం. భార్యాబిడ్డలు వెనక. ఆలస్యమైతే పాస్టరు గారికి క్రమశిక్షణ లేదంటారని భయం. మాదీ ఆ కుర్రాడి సిగ్గే. ఈ ఏడు రెండో ఊరి ఆరాధన సాయంత్రం ఆరింటికే పెట్టాం. పన్నెండు గంటలకే ప్రార్థన చేస్తేనే ఆశీర్వాదమని వాక్యంలో ఎక్కడా లేదు.

యవ్వనస్థులారా, పక్క సంఘం వాళ్లు మనల్ని చూసి నవ్వవచ్చు. నవ్వనివ్వండి. సౌలు కవచం తొడిగినప్పుడు దావీదు నాలుగడుగులు వేసి చూసి, ఇవి నాకు అలవాటు లేవని అందరి ముందు తీసేశాడు. రాజు ఇచ్చినదాన్ని తీసి పక్కన పెట్టాడు. ఆ రోజు గొల్యాతు ఎదుటికి వెళ్లడానికి ముందు అతడు చూపించిన మొదటి ధైర్యం అదే. చేతికి అలవాటు లేని బండిని "వద్దులే అన్నా, నాది నాకు చాలు" అని తిరిగి ఇచ్చేయడానికి కూడా అంత ధైర్యం కావాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పద్దెనిమిది నిండని పిల్లవాడికి బండి తాళం ఇవ్వకండి. 2019లో మారిన చట్టం ప్రకారం పిల్లవాడు చేసిన నేరానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు మీకు పడవచ్చు. ఆ శిక్ష కంటే ఆసుపత్రి వరండా భయంకరమైనది. మేము చూశాం.

ఈ క్రిస్మస్‌కు ర్యాలీ కాలినడకన వెళ్తుంది. ముందు వరుసలో డోలక్ అబ్బాయి నడుస్తాడు. అతని అడుగు ఎంత పడితే అందరి అడుగూ అంతే. రాడ్డు వేయించుకున్న అబ్బాయి పక్కనే ఉంటానన్నాడు. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు కాదని మాకు తెలుసు. ఆమె ముందు తల దించుకుని క్షమాపణ అడిగాం. ఇప్పుడు మీ అందరి ముందు అడుగుతున్నాం.

ప్రభువా, మా కొలత మాకు తెలియజేయుము. మా వెనక కూర్చున్నవారిని మేము మరచిపోకుండా చేయుము. ఆమేన్.