కాపడం వేరు, డయాథర్మీ వేరు



మోకాళ్ల నొప్పులకు, నడుము నొప్పికి, పట్టేసిన భుజానికి డయాథర్మీ యంత్రంతో వేడి పెట్టించుకొనే అలవాటు మన చెన్నపట్నంలో చాలకాలంగా ఉన్నది. మైలాపూరులోనేమి, మాంబళంలోనేమి, పురసవాకంలోనేమి, ఫిజియోథెరపీ కేంద్రాలకు కొదవలేదు. ఈ చికిత్స పనికిరాదని నేను అనబోను. తగిన వ్యాయామంతోపాటు తగిన మోతాదులో ఇచ్చినప్పుడు ఉపశమనం పొందినవారు పలువురున్నారు. అయితే దీనిని ఇంట్లో పెట్టుకొనే ఇసుకమూట కాపడంవలె భావించి, ఇచ్చేవారూ పుచ్చుకొనేవారూ కూడ ఏమరుపాటుగా ఉండడం చూసి, తమ పత్రికాముఖంగా ఈ నాలుగు మాటలు మనవి చేయదలచాను.

కాపడం వేడి చర్మంమీద మొదలై లోపలికి పోతుంది. ఎక్కువైతే వెంటనే తెలుస్తుంది, మూట తీసివేస్తాము. డయాథర్మీ సంగతి అట్లా కాదు. షార్ట్‌వేవ్ యంత్రం సెకండుకు 2,71,20,000 సార్లు డోలించే విద్యుదయస్కాంత క్షేత్రాన్ని శరీరంలోకి పంపుతుంది. వేడి పుట్టేది లోపలి కండలోనే. లోహం ఉన్నచోట, తడి ఉన్నచోట ఆ క్షేత్రం గుమికూడి వేడి పేరుకొంటుంది. కనుకనే మంగళసూత్రం గాని, గాజులు గాని, మొలత్రాటి వెండిబిళ్ల గాని, చికిత్స చేసే భాగానికి దగ్గరలో ఉన్నవన్నీ తీసివేయాలి. చెమట తుడిచి, పొడి తువాలు వేసిన తరువాతనే పలకలు అమర్చాలి. మే నెల ఎండలో బస్సు దిగి వచ్చిన మనిషిని తడిసిన బట్టలతోనే పడుకోబెట్టి మీట నొక్కడమంటే బొబ్బలను కొనితెచ్చుకొనడమే. మంచం, కుర్చీ కూడ కొయ్యవి కావాలి గాని ఇనుపవి పనికిరావు.

ఒంటిమీది లోహం కంటికి కనబడుతుంది. ఒంటిలోపలిది కనబడదు, అడిగి తెలుసుకోవలసిందే. ఇటీవల మా అక్కగారి వెంట ఒక కేంద్రానికి వెళ్లాను. ఆమె గుండెకు పేస్‌మేకరు అమర్చి ఉన్నది. రుసుము ఎంతో చెప్పారు, ఎన్ని రోజులు రావాలో చెప్పారు. పేస్‌మేకరు ఉన్నదా అని మాత్రం అడిగినవారు లేరు. నేను చెప్పిన తరువాతనే చికిత్స మార్చారు. చెప్పడానికి పక్కన ఎవరూ లేని వృద్ధుల గతి ఏమి? మెదడులో ప్రేరకయంత్రం అమర్చుకొన్న రోగులు డయాథర్మీ తరువాత మరణించినట్లు తమకు సమాచారం అందిందని అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ 2002 డిసెంబరులో హెచ్చరించింది. ఆ పరికరాన్ని ఆపివేసినా ప్రమాదం తప్పదనీ, పరికరం తీసివేశాక తీగె లోపల మిగిలి ఉన్నా ప్రమాదమేననీ అందులో తెలిపింది.

అన్నిటికంటె ముఖ్యమైనది మోతాదు. లోపలి కండ ఎంత వేడెక్కిందో చెప్పే కొలబద్ద ఆ యంత్రాలకు మామూలుగా ఉండదు. "హాయిగా, వెచ్చగా ఉన్నది" అని రోగి చెప్పే మాటే కొలబద్ద. అంటే రోగి చర్మానికి స్పర్శ సరిగా ఉండాలి. రోగి మాట ఎదుటివారికి అర్థం కావాలి. మధుమేహంవల్ల కాళ్ల స్పర్శ తగ్గినవారికి ఒళ్లు కాలుతున్నా తెలియదు. అందుచేత ఒక గొట్టంలో వేడినీళ్లు, మరొక గొట్టంలో చన్నీళ్లు పోసి చర్మానికి ఆనించి, తేడా తెలుస్తున్నదో లేదో ముందుగా పరీక్షించాలి. ఇక భాష మాట. మన పెద్దవారు గోరువెచ్చన, వేడి, చురుకు, మంట అని మెట్లుమెట్లుగా చెబుతారు. తమిళులు వెదువెదుప్పు, సూడు, ఎరిచ్చల్ అంటారు. ఒకరి మాట ఒకరికి అందకపోతే మోతాదు తప్పినట్లే. "వేడి ఎక్కువైతే గుణం ఎక్కువ, కాస్త ఓర్చుకోండి" అనేవారూ లేకపోలేదు. ఇది శుద్ధ తప్పు. ఓర్చుకోవలసినంత వేడి చికిత్స కానేకాదు.

"ఇన్నేళ్లుగా పెడుతున్నాము, ఎవరికేమైంది?" అని కొందరు అడగవచ్చును. కాలిన బొబ్బను ఇంట్లోనే మందు రాసి మాన్పుకొని, మళ్లీ ఆ గుమ్మం తొక్కనివారి లెక్క ఎవరి పుస్తకంలో ఉన్నది? తీరికలేదనేవారికి కూడ నాలుగు ప్రశ్నలు వేయడానికి రెండు నిమిషాలు చాలును. ఈ జాగ్రత్త పనిచేసేవారికీ మేలే. యంత్రం నడుస్తున్నంతసేపు వారు తీగెలకు, పలకలకు కనీసం ఒక మీటరు దూరాన ఉండాలి. గర్భిణులైన ఉద్యోగినులు దగ్గరకే పోకపోవడం మంచిది.

పార్లమెంటు 2021లో చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలో ఫిజియోథెరపీ కూడ ఉన్నది. వృత్తికి గుర్తింపుతోపాటు బాధ్యత కూడ రావాలి గదా! కావున అధికారులకు నా విన్నపం ఇది. ప్రతి కేంద్రంలోను తమిళం, తెలుగు, ఇంగ్లీషు భాషలలో ఒక బోర్డు కట్టించాలి. పేస్‌మేకరు గాని, వినికిడి కోసం లోపల అమర్చిన పరికరం గాని, ఎముకలో కమ్మీ గాని ఉన్నదా? గర్భమా? క్యాన్సరు ఉన్నదా? కాళ్లకు స్పర్శ తగ్గిందా? ఈ ప్రశ్నలు పెద్ద అక్షరాలతో అందులో ఉండాలి. వేడి ఎక్కువైన క్షణంలో యంత్రాన్ని ఆపే మీట రోగి చేతిలోనే ఉంచాలి. కె.కె. నగరులోని ప్రభుత్వ పునరావాస వైద్యసంస్థ ఇటువంటి బోర్డుకు నమూనా తయారుచేసి ఇస్తే తక్కినవారికి దారి చూపినట్లవుతుంది.

అంతవరకు మన తెలుగు కుటుంబాలవారు వృద్ధులను ఒంటరిగా పంపక, తోడు వెళ్లి, అడగకపోయినా ఈ సంగతులన్నీ చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పశ్చిమ మాంబళం, చెన్నై