రంగు చూసి ఉప్పు కొనకండి
గులాబీ ఉప్పు ఆరోగ్యమని నమ్మి ఎక్కువ డబ్బు పోసేవారు ఒక్కసారి ఆలోచించాలి. పాకిస్తాన్‌లోని ఖేవ్రా గనిలో తవ్వినా, మన చినగంజాం కొఠార్లలో సముద్రపు నీటిని ఎండగట్టి తీసినా అది సోడియం క్లోరైడే. గనిలోదీ ఏనాడో ఎండిపోయిన సముద్రపు ఉప్పే. ఆ గులాబీ ఛాయ ఇనుము జాడ. అందులో ఖనిజాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఉప్పులో అవి లెక్కలోకి రానంత తక్కువ. గుప్పెడు పప్పు, కట్ట తోటకూర అంతకన్నా ఎక్కువిస్తాయి.

ఉప్పులో నిజంగా చూడాల్సింది అయోడిన్. గర్భిణికి అది చాలకపోతే బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. అందుకే 2006లో కేంద్రం అయోడిన్ కలపని ఉప్పును తిండికి అమ్మకుండా నిషేధించింది. ఆవకాయకు కల్లుప్పే కావాలంటారా? అయోడిన్ కలిపిన కల్లుప్పూ దొరుకుతుంది. వంటలో అయోడిన్ కొంత పోతుందన్న మాట నిజమే. కూర దించే ముందు ఉప్పు వేసి, డబ్బా మూత బిగిస్తే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది.